తండేలు, సరంగు: ఎవరు ఎవరు, ఏ మాట ఎక్కడ వాడాలి

ముందు ప్రశ్న మళ్ళీ ఒకసారి రాస్తా, తర్వాత చదివేవాళ్ళకి ఉపయోగంగా ఉంటుంది. "తండేల్ అంటే నాయకుడు అని 2025లో ఆ పేరుతో సినిమా వచ్చిన దగ్గర్నుంచీ అందరూ చెప్తున్నారు, ఇది అసలు తెలుగు మాటేనా, గుజరాతీ మాటా? సరంగుకీ తండేల్‌కీ తేడా ఏంటి? నేనో కథ రాస్తున్నా, అందులో గోదావరి మీద లాంచీ నడిపే ముసలాయన ఉన్నాడు, ఆయన్ని తండేల్ అనొచ్చా?" ఇదీ అడిగింది.

ఆఖరిదానికి ముందు చెప్పేస్తా. అనొద్దండి. గోదావరి మీద లాంచీ నడిపేవాడు సరంగు. రాజమండ్రి, పోలవరం, దేవీపట్నం, కూనవరం, భద్రాచలం, ఈ దారిలో లాంచీ తెలిసిన పెద్దవాళ్ళెవర్ని అడిగినా సరంగు అనే అంటారు, పాపికొండల టూరిస్టు బోట్లొచ్చాక కూడా ఆ మాట పోలేదు. మీ ముసలాయన్ని తండేల్ అని రాస్తే ఆ ఒడ్డునుండేవాళ్ళు మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు. మిగతా రెండు ప్రశ్నలకి జవాబు పొడుగు, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ రెండు మాటలూ నాలుగొందల ఏళ్ళలో ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగాయి, అది తెలియకపోతే తేడా అర్థం కాదు.

నేను ముప్పై ఏళ్ళ పైన మర్చంట్ షిప్పుల మీద డెక్ సైడు పనిచేశా, విశాఖ వాణ్ణి. నేను మొదటి ఓడ ఎక్కినప్పుడు మా క్రూలో ఇంకా పాత హోదాలే ఉండేవి, డెక్ పనివాళ్ళ పెద్దని బోసన్ అనకుండా సరంగు అనేవాళ్ళు, ఆయన కింద టిండాల్, సామాన్ల గది చూసేవాడు కసబ్, చుక్కాని పట్టేవాడు సుకానీ, వంటాయన భండారీ, మిగతావాళ్ళం అందరం ఖలాసీలం. ఇంగ్లీషు వాళ్ళ నోట్లో టిండాల్ అయిపోయింది గానీ ఆ టిండాలే ఈ తండేలు. రెండూ ఒకటే మాట అని నాకు చాలా ఏళ్ళు తట్టలేదు, ఒక ఓడ మీద రత్నగిరి వైపు కొంకణీ టిండాల్ ఒకాయన తన మనుషులతో మాట్లాడేటప్పుడు తన్ను తాను తాండేల్ అనుకోవడం విన్నాక తెలిసింది.

ఆయన్ని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ మాటకి అర్థం డిక్షనరీలో కంటే ఆయన దగ్గరే నాకు బాగా తెలిసింది. ఓడని రేవుకి కడుతున్నాం, వెనకవైపు తాడు వించ్ మీద, అంటే తాడు చుట్టి లాగే మిషను మీద, బిగుస్తోంది, మందపాటి నైలాన్ తాడు. నేను కొత్తవాణ్ణి, తాడు ఎక్కడైతే మెలి తిరిగి సాగుతోందో సరిగ్గా అక్కడే నిలబడ్డా. ఆయన అరవలేదు, వెనకనించి వచ్చి నా బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజి పక్కన పడేశాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని కాస్త దూరంగా ఉన్న ఇనప దిమ్మ మీద పెట్టించాడు, తాడు బిగిసే కొద్దీ ఆ దిమ్మలో చిన్న వణుకు వస్తోంది, చెవికి వినపడీ వినపడని ఒక మోత. "ఈ పాట మారిందంటే తాడు తెగుతుంది, అప్పుడు అది నిన్ను వెతుక్కుంటూ వస్తుంది, ముందే ఇక్కణ్ణించి జరగాలి" అని హిందీలో చెప్పాడు. ఆ రోజు తాడు తెగలేదు. కానీ ఆ తర్వాత నా సర్వీసంతా ఏ తాడు దగ్గరికెళ్ళినా ముందు నిలబడే చోటు చూసుకోవడం, తర్వాతే చెయ్యి వెయ్యడం. తండేలు పని అది. ఓడ ఎటు పోవాలో చెప్పేది కెప్టెన్, పని ఏంటో చెప్పేది సరంగు, ఆ పనిలో ఏ మనిషి ఎక్కడ నిలబడ్డాడో చూసేవాడు తండేలు.

ఇప్పుడు పాత సంగతులకొద్దాం. 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బటూటా చైనా వెళ్ళే దారిలో కైలూకరీ అనే రేవులో ఆగాడు, అక్కడి రాకుమారి ఓడలో పెద్దవాళ్ళని విందుకి పిలిచింది. ఎవర్ని పిలిచిందో ఆయన వరసగా రాశాడు, నాఖుదా అంటే ఓడ పెద్ద, కరానీ, వర్తకులు, తండీల్ అంటే మన తండేలే, విలుకాళ్ళ నాయకుడు ఇలా. అంటే ఏడొందల ఏళ్ళ కిందటే హిందూ మహాసముద్రం ఓడల మీద ఈ మాట హోదాగా నడుస్తోంది, అది కూడా రాకుమారి విందులో కూర్చోబెట్టేంత హోదా. ఇక్కడ కరానీ అంటే ఓడలో లెక్కలు రాసే గుమాస్తా, మన ఊళ్ళో కరణంగారి పేరూ ఈ కరానీ పేరూ ఒకే కరణ అనే సంస్కృత మూలం నించి వచ్చినవే.

తర్వాత అక్బరు కాలం. అబుల్ ఫజల్ రాసిన ఐనే అక్బరీలో ఓడల శాఖ గురించి ఒక అధ్యాయం ఉంది, అందులో ఓడ మీద పనిచేసేవాళ్ళని పన్నెండు రకాలుగా చెప్పాడు. మొదట నాఖుదా, అంటే ఓడకి యజమాని లాంటివాడు, రెండు మువల్లిం, అంటే లోతులూ నక్షత్రాలూ తెలిసి దారి చూపేవాడు, మూడోవాడు తండీల్, ఖలాసీలందరికీ పెద్ద. సర్హంగ్ అంటే మన సరంగు, అయిదో చోట ఉంటాడు, ఓడని రేవుకి చేర్చడం, దింపడం ఆయన పని. తర్వాత సామాన్లు చూసే భండారీ, చుక్కాని పట్టే సుక్కాన్‌గీర్, తెరచాప కొయ్య పైనించి చూస్తూ భూమి కనపడినా వేరే ఓడ కనపడినా తుఫాను వస్తున్నా కేకేసే పంజారీ, ఓడలోకి కారిన నీళ్ళు తోడిపోసే గుమ్తీ, ఫిరంగివాళ్ళు, మామూలు నావికులు. బెంగాల్లో సాత్‌గావ్ రేవులో ఎవరికెంత జీతమో కూడా రాశాడు, నాఖుదాకి 400 రూపాయలు, మువల్లింకి 200, తండేలుకి 120, సరంగుకి 25.

ఆ అంకెలు చూడండి. 120 ఎక్కడ, 25 ఎక్కడ. ఆ రోజుల్లో తండేలు సరంగుకి చాలా పైన. మరి నేను ఎక్కిన ఓడ మీద తండేలు సరంగుకి కింద. మధ్యలో ఏమైంది?

నాకర్థమైనంత వరకూ చెప్తా. ఇంగ్లీషు కంపెనీ ఓడల మీద మన మనుషుల్ని లాస్కర్లు అనే పేరుతో పెట్టుకున్నప్పుడు వాళ్ళ ఆఫీసర్లు వాళ్ళకే ఉన్నారు, కెప్టెనూ మేట్లూ అందరూ తెల్లవాళ్ళు. నాఖుదా, మువల్లిం చేసే పనులు వాళ్ళు లాక్కున్నారు. మనవాళ్ళకి మిగిలింది మనుషుల్ని కూడగట్టి పని చేయించడం. అందుకు వాళ్ళకి ఒక్క మనిషి చాలు, ఆయనతో మాట్లాడితే మొత్తం క్రూతో మాట్లాడినట్టే, ఆయన సరంగు. సరంగు తన ఊరి చుట్టుపక్కల నించి మనుషుల్ని తెచ్చేవాడు, వాళ్ళకి అడ్వాన్సులిప్పించేవాడు, జీతం ఆయన చేతుల మీదుగా పోయేది, మెడలో వెండి గొలుసుకి వెండి ఈల కట్టుకుని తిరిగేవాడు. ఫారసీలో సర్హంగ్ అంటే సేనాని, ఇప్పటికీ ఇరాన్ సైన్యంలో కల్నల్‌ని సర్హంగ్ అనే అంటారు. అలా సరంగు పైకి పోయాడు, తండేలు ఆయన కింద మేస్త్రీ అయ్యాడు. రేవుల్లో మనుషుల్ని సప్లై చేసే ఘాట్ సరంగులని ఒక వర్గం తయారై, ఉద్యోగం ఇప్పించినందుకు లంచం, అప్పుకి వడ్డీ ఇలా ఖలాసీల్ని పీల్చేసిన సంగతి కూడా ఉంది, 1931లో వచ్చిన రాయల్ కమిషన్ కార్మిక నివేదికలో ఈ లంచాల సంగతి రాశారు. అంటే సరంగు అనే మాటకి గౌరవంతో పాటు ఆ మరక కూడా ఉంది, బెంగాల్ వైపు పాతవాళ్ళు ఆ మాట అన్నప్పుడు రెండూ వినపడతాయి. మన గోదావరి సరంగుకి ఆ మరక లేదు, ఆయన నీళ్ళు తెలిసిన మనిషి అంతే.

ఆ ఓడల మీద మాట్లాడే భాషే వేరు, లష్కరీ అనేవాళ్ళు. హిందుస్తానీలో ఫారసీ, అరబ్బీ, పోర్చుగీసు, ఇంగ్లీషు, గుజరాతీ అన్నీ కలిసిన భాష. 1811లో థామస్ రోబక్ అనే ఆయన దానికి కలకత్తాలో ఒక డిక్షనరీయే అచ్చేశాడు, ఇంగ్లీషు ఆఫీసర్లు తుఫానులో ఏ ఆర్డరు ఏ మాటతో ఇవ్వాలో తెలుసుకోడానికి. అందులో మాటలు నా రోజుల్లో కూడా డెక్ మీద వినపడేవి. తాడు దించు అనడానికి "ఆరియా" అంటారు, అది పోర్చుగీసు మాట, లాగు ఎత్తు అనడానికి "హబేస్". రేవుల్లో వించ్ దగ్గర చెయ్యి పైకెత్తి హబేస్ హబేస్ అని, చెయ్యి కిందకి ఊపి ఆరియా అని కేకేసే మనిషిని చూస్తే ఆ కేకలో మూడొందల ఏళ్ళున్నాయని నాకనిపిస్తుంది.

మనం రోజూ వాడే మాటల్లో కూడా ఈ భాష ఉంది, గమనించం. లంగరు ఫారసీ. చుక్కాని అరబ్బీ, అక్కడ సుక్కాన్, దాన్ని పట్టేవాడు సుకానీ, మనం పట్టేవాణ్ణి వదిలేసి పట్టే వస్తువుకి ఆ పేరు ఉంచుకున్నాం. కళాసీ అంటే ఖలాసీయే, కాకినాడ బార్జీల మీదా విశాఖ ఫిషింగ్ హార్బర్లోనూ ఇప్పటికీ బోటు మీద పనివాళ్ళని కళాసీలే అంటారు. భండారీకి మూలం మన భాండారం, సామాన్లు చూసేవాడు పోనుపోను వంటవాడయ్యాడు.

ఇప్పుడు ఇది తెలుగు మాటా కాదా అన్న ప్రశ్న. యూల్, బర్నెల్ కలిసి వేసిన హాబ్సన్-జాబ్సన్ అనే డిక్షనరీ 1886లో వచ్చింది, అందులో టిండాల్ అనే మాట కింద మలయాళంలో తండల్, తెలుగులో తండేలు, మరాఠీ వగైరాల్లో తండేల్ అని ఇచ్చారు. అంటే సినిమాకి నూట ముప్పై ఏళ్ళకి పైగా ముందే తెలుగు రూపం ఒకటి పుస్తకానికెక్కింది, అదీ చివర "లు"తో, అచ్చంగా మనం పలికేటట్టు. మద్రాసు రేవులో హార్బరు కట్టక ముందు అలల మీద నించి మనుషుల్నీ సరుకునీ దింపే మసులా పడవలుండేవి, మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకల్ని కుట్టి చేసేవాళ్ళు, అల నేలకేసి కొట్టినా విరక్కుండా వంగేలాగ. వాటికి వెనక నిలబడి పొడుగాటి తెడ్డుతో దారి పట్టే మనిషిని కూడా ఇంగ్లీషు కాయితాల్లో టిండాల్ అనే రాశారు. కాబట్టి కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, ఈ మాట పరాయిది కాదు. మన దగ్గర అలల్లో పడవ పోయి హార్బర్లొచ్చాయి, విశాఖ హార్బరు 1933లో తెరిచారు, ఆ పడవతో పాటే ఆ తండేలూ మెల్లగా మాటల్లోంచి జారిపోయాడు, తర్వాత మరబోట్లొచ్చాక బోటు నడిపేవాణ్ణి డ్రైవరు అనడం మొదలైంది.

మూలం గురించి రెండు వాదాలున్నాయి. ఒకటి, మలయాళంలో తండు అంటే తెడ్డు, వలి అంటే లాగడం, తండువలి అంటే తెడ్డు వెయ్యడం, దాన్నించి తండల్ అని. రెండోది, హిందీ టాండా నించి అని, టాండా అంటే గుంపు, బిడారు, మనకి తెలిసిన లంబాడీ తండా ఆ మాటే. అంటే గుంపుకి పెద్ద తండేలు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది, కారణం చెప్తా. తెడ్డు నించి వచ్చుంటే ఆ మాట నీళ్ళ దగ్గరే ఆగిపోవాలి. కానీ తండేలు నేల మీద కూడా ఉన్నాడు, పెద్ద రాళ్ళెత్తేవాళ్ళు, దూలాలు లాగేవాళ్ళు, తాళ్ళూ కప్పీలతో పనిచేసే ముఠాలు, వాటి మేస్త్రీని కూడా టిండాల్ అనే అన్నారు, నేవీ డాక్‌యార్డుల్లో టిండాల్ అని సివిలియన్ పోస్టే ఉండేది. కోస్ట్ గార్డు నోటిఫికేషన్లలో సారంగ్ లాస్కర్ అని పోస్టు చూసుంటారు, మా వైపు కుర్రాళ్ళు అదేంటని ఫోన్ చేసి అడుగుతుంటారు, అదీ ఈ వరసలోదే. పడవ ఉన్నా లేకపోయినా ఒక గుంపు మనుషులూ వాళ్ళ బరువూ ఉన్నచోటల్లా తండేలు ఉన్నాడు. ఇది నా అభిప్రాయం, భాషాశాస్త్రం చదివినవాళ్ళు వేరేగా చెప్తే వింటా.

ఇక గుజరాత్. మన తీరంలో జారిపోయిన మాట అక్కడ ఒక్క మెట్టు కూడా దిగలేదు. వేరావల్, పోర్‌బందర్, మాంగ్రోల్ చేపల బోట్ల మీద తెల్ల కెప్టెన్లు ఎప్పుడూ రాలేదు కదా, అందుకని పై హోదా పైనే ఉండిపోయింది. బోటు ఓనరు ఒడ్డున ఉంటాడు, నీళ్ళ మీద బోటుకి సర్వాధికారి టండేల్, ఆయన కింద ఖలాసీలు. వల్సాడు, దమణ్ వైపు టండేల్ ఇంటిపేరు కూడా, మత్స్యకార కుటుంబాల్లో మామూలుగా కనిపించే ఇంటిపేరు. బొంబాయి కోళీలు కూడా తాండేల్ అంటారు. 2008 నవంబర్లో బొంబాయి మీద దాడికొచ్చినవాళ్ళు సముద్రంలో పట్టుకున్న కుబేర్ అనే పోర్‌బందర్ బోటు గుర్తుందా, ఖలాసీలని చంపేసి, బోటుని ముంబై దగ్గరిదాకా నడిపించుకోడానికి ఒక్క మనిషిని మాత్రం ప్రాణాలతో ఉంచి చివర్లో చంపేశారు, ఆ మనిషి ఆ బోటు టండేల్. దారి తెలిసినవాడు ఆయనొక్కడే అని వాళ్ళకీ తెలుసు.

శ్రీకాకుళం వాళ్ళకి ఈ మాట తిరిగొచ్చింది ఈ దారిలోనే. రాష్ట్రంలో అందరికంటే పొడుగు తీరం వాళ్ళది, 193 కిలోమీటర్లు, కానీ పెద్ద బోటు ఆపుకునే హార్బరు లేదు, అల మీద నించి తెప్పనో ఫైబరు పడవనో తోసుకుంటూ పోవాలి. అందుకని డి.మత్స్యలేశం, కె.మత్స్యలేశం, బడివానిపేట, బుడగట్లపాలెం ఇలాంటి ఊళ్ళ నించి మగవాళ్ళు ఆగస్టులో రైలెక్కి వేరావల్ పోతారు, పడమటి తీరంలో జూన్ జులై రెండు నెలలూ వేట నిషేధం, అది అయ్యాక సీజను, మళ్ళీ మే నెలాఖరుకి ఇంటికొస్తారు. ఖలాసీగా వెళ్ళినవాడు కొన్నేళ్ళకి నీళ్ళు తెలుసుకుని తండేలవుతాడు. అయ్యాక ఓనరు అతనికే డబ్బిస్తాడు, నీ ఊరు నించి ఎనిమిది మందిని తీసుకురా అని.

రిటైరయ్యాక ఒక పని మీద జనవరిలో వేరావల్ వెళ్ళా. హార్బర్లో బోటుకి బోటు ఆనుకుని ఉన్నాయి, ఒకదాని మీంచి ఒకదాని మీదికి దాటుకుంటూ అవతలి ఒడ్డుకి పోవచ్చు, ఐసు కొట్టే మిషను మోత, ఎండు చేపల వాసన, మధ్యలో ఎవరో "ఒరే ఆ తాడు ఇటు ఇసరరా" అని అరిచారు. ఆ యాస విని ఆగిపోయా. నలభై ఏళ్ళుంటాయి ఆయనకి, శ్రీకాకుళం మనిషి, ఆ బోటు తండేలు. టీ తాగుతూ మాట్లాడుకున్నాం. చేతులు చూశా, రెండు అరచేతుల్లోనూ తాడు కోసిన గీతలు, కొన్ని పాతవి తెల్లగా, ఒకటి ఇంకా పచ్చిగా ఉంది. చొక్కా లోపల ఒక పాలిథిన్ కవరు, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంది, అందులో ఏముందని అడిగితే తీసి చూపించాడు, తొమ్మిది మంది ఆధార్ జెరాక్సులు, వాటి వెనక పెన్నుతో ఒక్కొక్కరి ఇంటి ఫోన్ నంబరు. "మరి మీరే ఎందుకు దాచుకుంటున్నారు, ఎవరిది వాళ్ళ దగ్గరుండొచ్చు కదా" అన్నా. "అలా కాదండి బాబూ, ఆళ్ళని నాను తెచ్చాను కదా, ఆళ్ళ అమ్మలు నన్నడుగుతారు, గుజరాత్ ఓనర్నేటడుగుతారు" అన్నాడు.

తండేలు అనే మాటకి నేను విన్న అన్నిటిలోకీ సరైన అర్థం ఇదే. మనుషుల్ని తెచ్చినవాడు, తిరిగి ఇంటికి చేర్చాల్సినవాడు. అందుకే పాకిస్తాన్ వాళ్ళు పట్టుకున్నప్పుడు ఊళ్ళో వాళ్ళందరూ ముందు తండేలు ఇంటికి పోతారు. సముద్రంలో సరిహద్దు గీత నీళ్ళ మీద కనపడేది కాదు కదా, జీపీఎస్ తెర మీద చూసుకోవాలి, గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్యనున్న సర్ క్రీక్ అనే పాయ దగ్గరైతే ఆ గీతే రెండు దేశాల మధ్య తేలలేదు, చేప ఆ వైపు ఉంటుంది, వల వేశాక ఆటుపోటు బోటుని లాక్కుపోతుంది, ఎంత దాకా పోనివ్వాలో నిర్ణయించేది తండేలు. 2018 చివర్లో పట్టుబడిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు, ఏడాదికి పైగా జైల్లో ఉండి. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, ఆ రెండు రోజులూ ఈ ఊళ్ళల్లో ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చుంటారు.

అందుకే తండేల్ అంటే లీడర్ అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది. ఇప్పుడు కాలేజీ ఎన్నికల పోస్టర్ల మీద, కార్ల వెనక అద్దాల మీద తండేల్ అని రాసుకుంటున్నారు, ముచ్చటగా రాసుకుంటున్నారు, తప్పనను, కానీ మీరు కథ రాస్తున్నారు కాబట్టి మీకు మాత్రం చెప్తున్నా, ఆ మాట వాడితే ఆ పాలిథిన్ కవరు కూడా ఆ మనిషి జేబులో ఉండాలి.

రాసేటప్పుడు పనికొచ్చేవి కొన్ని. గుజరాతీలో మొదటి అక్షరం ట, టండేల్. మన వైపు పలికేది త. శ్రీకాకుళం మనుషులు మాట్లాడుకుంటుంటే తండేలు అని చివర లు రాయండి, వాళ్ళ నోట్లో అలాగే వస్తుంది, పొల్లు పెట్టి తండేల్ అనేది సినిమా పోస్టరు స్పెల్లింగు. బహువచనం చాలామంది తండేల్స్ అని రాస్తున్నారు, అక్కర్లేదు, రైలు రైళ్ళు అయినట్టు, జైలు జైళ్ళు అయినట్టు తండేలు తండేళ్ళు అవుతుంది, వినడానికీ బావుంటుంది. "తండేలుగా వెళ్ళాడు", "మూడు సీజన్లు తండేలు చేశాడు", "మా తండేలు మా మావయ్యే" ఇలా వాడతారు. పిలిచేటప్పుడు మాత్రం తండేలు గారూ అని ఎవరూ పిలవరు, ఊరి వరసే, బావా, మావా, అన్నా, ఎందుకంటే బోటు మీద ఉన్నవాళ్ళంతా ఆ ఊరి వాళ్ళే. మీ డైలాగుల్లో అది గుర్తుపెట్టుకోండి. సరంగుని కూడా గోదావరి వైపు సరంగు గారు అని ప్యాసింజర్లు అంటారు గానీ లాంచీ మీద కుర్రాడు అనడు.

విశాఖ, కాకినాడ మరబోటు మీద కథయితే డ్రైవరు అనే రాయండి, అక్కడ తండేలు పెడితే అతుకు కనపడుతుంది. బ్రిటిషు కాలం స్టీమరు మీద కథయితే సరంగు పైన, తండేలు కింద. అక్బరు కాలం అయితే తండేలు పైన, సరంగు కింద. గుజరాత్ బోటయితే తండేలు ఒక్కడే, సరంగు లేడు. కేరళ వైపు బోటు నడిపేవాణ్ణి స్రాంక్ అంటారు, అది మళ్ళీ మన సరంగే.

మీ గోదావరి ముసలాయన గురించి ఒక్క మాట. 1917 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టంలోనే సరంగు అనే మాట ఉంది, మాస్టరు, సరంగు, ఇంజను డ్రైవరు అని విడివిడిగా సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళు, పరీక్ష పెట్టి. 2021లో కొత్త చట్టం వచ్చేదాకా అదే నడిచింది. కాబట్టి మీ ముసలాయన నిజంగా పరీక్ష పాసైన సరంగయితే ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి ఇంట్లో గోడకి పెట్టుకుని ఉండొచ్చు, కథలో ఎక్కడైనా వాడుకోండి. ఇంకోటి, మీరు ప్రశ్న కింద పెట్టిన పేరాలో ఆయన "స్టీరింగు గట్టిగా పట్టుకుని నది వైపు చూశాడు" అని రాశారు. సరంగు చుక్కాని చక్రాన్ని గట్టిగా పట్టుకోడు, రెండు వేళ్ళు ఆనించి ఉంచుతాడు, చూపు నది మీద ఊరికే ఉండదు, నీటి రంగు మీద ఉంటుంది, ఎక్కడ రంగు మారిందో అక్కడ ఇసక మేట. ఆ ఒక్క వాక్యం మార్చండి, మిగతాది బావుంది. పాపికొండల మలుపు దగ్గర సీను రాశాక ఇక్కడే పెట్టండి, చదివి చెప్తా.